ఒక రౌటర్ ఆగితే ఇంకోటి అందుకునే పద్ధతి: సిస్కో పేటెంట్ గొడవ ఏంటి, ఎలా తేలింది?

ఆఫీసైనా, కాలేజీ అయినా, ఆసుపత్రి అయినా లోపల ఎన్ని కంప్యూటర్లున్నా ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారి సాధారణంగా ఒక్క పెట్టె గుండానే ఉంటుంది. ఆ పెట్టెనే రౌటర్ అంటాం. అది కాలిపోయినా, దాని కరెంటు తీగ ఎవరి కాలికో తగిలి ఊడిపోయినా లోపల పని మొత్తం ఆగిపోతుంది. అందుకే నెట్ ఆగితే నష్టపోయే చోట్ల రెండు రౌటర్లు పెడతారు. మొదటిది పడిపోతే కొన్ని సెకన్లలో రెండోది ఆ పని అందుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్లకి మార్పు జరిగినట్టు కూడా తెలియదు.

ఈ 'అందుకునే' పద్ధతి మీద అమెరికాకు చెందిన సిస్కో కంపెనీకి 1995లో పేటెంట్ వచ్చింది. దాంతో పదేళ్లకు పైగా ఒక గొడవ నడిచింది. దాని ఆనవాళ్లు ఇప్పటికీ నెట్‌వర్కుల్లో కనిపిస్తాయి. మన పిల్లల్లో చాలామంది అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసి హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉద్యోగాలకు వెళ్తున్నారు. సీసీఎన్‌ఏ సిలబస్‌లో ఈ బ్యాకప్ పద్ధతుల పాఠం ఉంది. హెచ్‌ఎస్‌ఆర్‌పీ, వీఆర్‌ఆర్‌పీ అనే పేర్లు అక్కడ వినిపిస్తాయి. ఫైర్‌వాల్ పని నేర్చుకుంటే కార్ప్ అనే మూడోది కూడా ఎదురవుతుంది. మూడూ చేసేది ఒకటే పని. మరి మూడు ఎందుకు పుట్టాయి? దానికి జవాబు ఇంజినీరింగ్ పుస్తకంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం పేటెంట్ కాగితాల్లో ఉంది.

రెండు రౌటర్లు కొంటే సరిపోదా?

సరిపోదు. మీ కంప్యూటర్ నెట్‌లోకి వెళ్లడానికి ఒక అడ్రస్‌ను గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని డిఫాల్ట్ గేట్‌వే అంటారు. బయటికి వెళ్లే ప్రతి డేటా ముక్కనూ అది కళ్లు మూసుకుని ఆ అడ్రస్‌కే పంపిస్తుంది. ఆ అడ్రస్ ఉన్న రౌటర్ చచ్చిపోయినా సరే, అక్కడికే పంపిస్తూ కూర్చుంటుంది. పక్కనే రెండో రౌటర్ ఖాళీగా వెలుగుతూ ఉన్నా దాని సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

ఒక దుకాణం అనుకోండి. గిరాకీలందరి దగ్గరా పెద్దన్న ఫోన్ నంబర్ ఒక్కటే ఉంది. ఆయన ఫోన్ ఆగిపోతే తమ్ముడు దుకాణంలోనే ఉన్నా లాభం లేదు, ఫోన్లు ఆయనకు రావు. పరిష్కారం ఏంటంటే, దుకాణానికంటూ ఒక నంబర్ పెట్టుకోవడం. అన్న ఉన్నంతసేపు ఆ నంబర్ అన్న దగ్గర మోగుతుంది. అన్న లేకపోతే అదే నంబర్ తమ్ముడి దగ్గర మోగుతుంది. గిరాకీ తన ఫోన్‌లో ఏమీ మార్చుకోనక్కర్లేదు.

నెట్‌వర్క్‌లో చేసేదీ ఇదే. రెండు రౌటర్లూ కలిసి ఒక ఉమ్మడి అడ్రస్‌ను చూసుకుంటాయి. ఆ అడ్రస్ ఏ పెట్టెదీ కాదు. కంప్యూటర్లకు ఇచ్చేది ఆ ఉమ్మడి అడ్రస్సే. పనిలో ఉన్న రౌటర్ కొన్ని సెకన్లకోసారి 'నేనున్నాను' అని కబురు పంపుతూ ఉంటుంది. ఆ కబురు ఆగిపోతే, కాచుకుని ఉన్న రౌటర్ ఉమ్మడి అడ్రస్‌ను తన మీదికి తీసుకుంటుంది.

ఇంతకు ముందు వేరే దారులు లేకపోలేదు. రౌటర్లు తమంతట తామే కంప్యూటర్లకు కనపడేలా 1991లో ఒక పద్ధతి తెచ్చారు. కానీ దాని మామూలు సెట్టింగ్‌లో ఒక రౌటర్ పోయిందని కంప్యూటర్ నమ్మడానికి అరగంట దాకా పట్టవచ్చు. బ్యాంకు కౌంటర్ దగ్గర అరగంట అంటే ఎంతో వేరే చెప్పాలా?

సిస్కో చేసింది ఏంటి?

సిస్కో తన రౌటర్ల కోసం 'హాట్ స్టాండ్‌బై రౌటర్ ప్రోటోకాల్' అని ఒకటి తయారు చేసుకుంది. పొట్టిగా హెచ్‌ఎస్‌ఆర్‌పీ. ప్రోటోకాల్ అంటే రెండు యంత్రాలు ఎలా మాట్లాడుకోవాలో రాసుకున్న ఒప్పందం. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో ఒక రౌటర్ పనిలో ఉంటుంది, ఒకటి కాచుకుని ఉంటుంది, ఇంకేమైనా ఉంటే అవి వింటూ ఉంటాయి. మామూలు సెట్టింగ్‌లో ప్రతి 3 సెకన్లకూ కబురు వస్తుంది. 10 సెకన్లు కబురు రాకపోతే రెండోది రంగంలోకి దిగుతుంది.

దీని మీద 1994 ఏప్రిల్‌లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. 1995 డిసెంబర్ 5న అమెరికా పేటెంట్ నంబర్ 5,473,599 మంజూరైంది. కనుగొన్నవాళ్లుగా టోనీ లీ, బ్రూస్ కోల్, ఫిల్ మోర్టన్, డాన్ లీ పేర్లున్నాయి. హక్కు మాత్రం కంపెనీది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా అనుకోవాలి. 'ఒకటి ఆగితే ఇంకోటి పని చేయాలి' అనే ఆలోచనకు ఎవరూ పేటెంట్ ఇవ్వరు. మన ఇంట్లో ఇన్వర్టర్ చేసేదీ అదే. పేటెంట్‌లో 'క్లెయిములు' అని ఉంటాయి. ఏ పనిని ఏ పద్ధతిలో చేస్తే అది తమ సొత్తు అవుతుందో వాటిలో వాక్యం వాక్యంగా రాసుకుంటారు. సిస్కో క్లెయిముల సారం ఏంటంటే, కొన్ని రౌటర్లు గుంపుగా ఏర్పడి ఒక ఊహా అడ్రస్‌ను మోయడం, వాటిలో ప్రాధాన్యం ప్రకారం ఒకటి పనిచేయడం, ఒకటి కాచుకోవడం, మొదటిది పోతే రెండోది అందుకోవడం. ఇంత విశాలంగా రాసిన గీత దాటకుండా అదే పని చేయడం ఎలా అన్నదే తర్వాత వచ్చిన చిక్కంతా.

అప్పట్లో ఇలాంటి ఏర్పాటు చేసుకున్నది సిస్కో ఒక్కటే కాదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకీ సొంతంగా ఒక స్టాండ్‌బై ప్రోటోకాల్ ఉండేది. ఎవరి పెట్టెలు వాళ్లవే, ఎవరి భాష వాళ్లదే. ఒక కంపెనీ రౌటర్ పక్కన ఇంకో కంపెనీ రౌటర్‌ను బ్యాకప్‌గా పెట్టే వీలు లేదు. కొనేవాడికి నష్టం ఇక్కడే. మొదటి పెట్టె ఎవరి దగ్గర కొన్నాడో, రెండోదీ వాళ్ల దగ్గరే కొనాలి.

అందరికీ ఒకే ప్రమాణం కావాలన్నప్పుడు

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ పేరు ఐఈటీఎఫ్. 1986 నుంచి నడుస్తోంది. అక్కడ రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సిలు అంటారు. ఏ కంపెనీ రౌటరైనా ఇంకో కంపెనీ రౌటర్‌కు బ్యాకప్‌గా పనిచేసేలా ఒక ఉమ్మడి పద్ధతి కావాలని 1990ల చివర్లో అక్కడ పని మొదలైంది. దాని ఫలితమే వీఆర్‌ఆర్‌పీ. 1998 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సి 2338గా బయటికొచ్చింది. రాసినవాళ్లు అసెండ్, మైక్రోసాఫ్ట్, నోకియా, డిజిటల్, ఐబీఎం కంపెనీల ఇంజినీర్లు. సిస్కో పేరు ఆ జాబితాలో లేదు.

సిస్కో ఊరుకోలేదు. పని జరుగుతుండగానే, ఈ విషయంలో తనకు పేటెంట్ ఉందని ఐఈటీఎఫ్‌కు తెలియజేసింది. 1998 మార్చిలో, అంటే వీఆర్‌ఆర్‌పీకి సరిగ్గా ఒక నెల ముందు, హెచ్‌ఎస్‌ఆర్‌పీ వివరాలు ఆర్‌ఎఫ్‌సి 2281గా అచ్చయ్యాయి. అది ప్రమాణం కాదు, సమాచారం కోసం మాత్రమే. అందులోనే పేటెంట్ నంబర్ ఇచ్చి, కావాల్సినవాళ్లకు సముచితమైన, వివక్ష లేని షరతుల మీద లైసెన్స్ ఇస్తామని, ఒక్కసారి రుసుము కడితే చాలని రాశారు. తమాషా ఏంటంటే, ఆ పత్రం వచ్చేసరికి నలుగురిలో ఇద్దరు, టోనీ లీ, బ్రూస్ కోల్, సిస్కోకు పోటీ అయిన జూనిపర్ కంపెనీకి వెళ్లిపోయారు. పత్రం మీద వాళ్ల చిరునామా కూడా అదే. మనుషులు వెళ్లిపోయారు, హక్కు కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

వీఆర్‌ఆర్‌పీ హెచ్‌ఎస్‌ఆర్‌పీకి నకలు కాదు. దాంట్లో కాచుకుని ఉండే రౌటర్ అని ఒకదానికి ప్రత్యేక పాత్ర ఉండదు. ఒకటి పెద్ద, మిగతావన్నీ బ్యాకప్‌లు. ఉమ్మడి అడ్రస్ ఒక రౌటర్ సొంత అడ్రస్ అయినా ఫర్వాలేదు. వేగం కూడా ఎక్కువే. సెకనుకోసారి కబురు, మూడు కబుర్లు తప్పిపోతే మార్పు. మామూలు సెట్టింగ్‌లో లెక్క వేస్తే సుమారు 3.6 సెకన్లు. అయినా సిస్కో లాయర్ల దృష్టిలో మూలం ఒకటే. తర్వాత సిస్కో కూడా తన రౌటర్లలో వీఆర్‌ఆర్‌పీని పెట్టింది, పేటెంట్ మాట మాత్రం వదల్లేదు. ఐబీఎం కూడా తనకు సంబంధించిన పేటెంట్లు ఉన్నాయని చెప్పుకుంది.

ఐఈటీఎఫ్ ఏం చేయాలి? పేటెంట్ నిజంగా వర్తిస్తుందా లేదా అని తేల్చడం ఆ సంస్థ పని కాదు. అది కోర్టు కాదు. ఉన్నవాళ్లు ఉన్నట్టు చెప్పాలి, లైసెన్స్ ఇస్తామనాలి, ఆపై ప్రమాణం కావాలో వద్దో సభ్యులు తేల్చుకోవాలి. అప్పటి నియమం అది. కొంత చర్చ తర్వాత సముచిత లైసెన్స్ హామీ ఉందిగా అని ముందుకెళ్లారు.

'సముచితం' అంటే ఎవరికి?

ఈ వివాదం మొత్తానికి కీలకం ఈ ఒక్క మాట. కామర్స్ చదివినవాళ్లకు ఇది తెలిసిన లెక్కే. ఒక కంపెనీ ఏడాదికి లక్ష పెట్టెలు అమ్ముతుంది. లైసెన్స్ రుసుము దానికి ఒక ఖర్చు పద్దు. ధరలో కలుపుకుంటుంది, గిరాకీ మీద వేస్తుంది, అయిపోయింది. పది పెట్టెలు అమ్మే చిన్న కంపెనీకి అదే రుసుము భారం. వివక్ష లేదు, ఇద్దరికీ ఒకటే రేటు. కానీ బరువు ఒకటి కాదు.

ఇక అసలు ఏమీ అమ్మనివాళ్ల సంగతి? ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కోడ్ రాసి ప్రపంచానికి ఇచ్చేస్తారు. ఎవరైనా దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ సరుకులో కలిపి అమ్ముకోవచ్చు. ఎన్ని కాపీలు వెళ్లాయో వాళ్లకే తెలియదు. రుసుము ఏ ఆదాయంలోంచి కట్టాలి? చందాలు పోగేసి తాము కట్టినా, ఆ లైసెన్స్ వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నవాళ్లకూ, వాళ్ల దగ్గర తీసుకున్నవాళ్లకూ వర్తించాలి కదా? అలా వర్తించే లైసెన్స్ ఇస్తే పేటెంట్ ఉండీ లేనట్టే. కాబట్టి ఏ కంపెనీ ఇవ్వదు. సముచితం, వివక్ష లేనిది అని వినడానికి ఎంత న్యాయంగా ఉన్నా, ఉచితంగా ఇచ్చేవాడి ముందు ఆ తలుపు మూసే ఉంటుంది. నా ఉద్దేశంలో సిస్కో తప్పుడు మాట చెప్పిందని కాదు. ఆ మాట రాసుకున్నప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా అమ్మేవాళ్లే.

ఆ బల్ల దగ్గర లేనివాళ్లలో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఒకటి. కెనడాలోని కాల్గరీ నుంచి థియో డి రాట్ నాయకత్వంలో 1995లో మొదలైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. భద్రత విషయంలో వీళ్లకు మంచి పేరుంది. దూరంగా ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యేందుకు ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వీళ్లదే. వీళ్ల సిస్టమ్‌ను చాలామంది ఫైర్‌వాల్‌గా వాడతారు. ఫైర్‌వాల్ పడిపోతే దాని వెనకున్న నెట్‌వర్క్ మొత్తం పడిపోతుంది. కాబట్టి బ్యాకప్ పద్ధతి వీళ్లకు తప్పనిసరి. ప్రమాణం ఉంది కదా అని వీఆర్‌ఆర్‌పీ రాద్దామనుకున్నారు.

పేటెంట్ సంగతి సిస్కోను అడిగారు. ఉత్తరాలు చాలాసార్లు అటూ ఇటూ నడిచాయి. 2002లో సిస్కో పేటెంట్ వ్యవహారాల లాయర్ రాబర్ట్ బార్ నుంచి వచ్చిన జవాబును ఓపెన్‌బీఎస్‌డీ ఒక్కటే రకంగా అర్థం చేసుకుంది: వీఆర్‌ఆర్‌పీ రాస్తే సిస్కో తన పేటెంట్‌ను కాపాడుకుంటుంది. అంటే నిజంగా స్వేచ్ఛగా ఇచ్చే వీఆర్‌ఆర్‌పీ అనేది కుదరదు.

అదే బార్, అదే 2002 ఫిబ్రవరిలో, అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బర్క్‌లీలో పెట్టిన విచారణలో మాట్లాడారు. సిస్కోలో కొత్తవి కనిపెట్టడానికి పేటెంట్లు ఊతం కాలేదని, పేటెంట్లు రాకపోయినా ఆ సరుకులన్నీ తయారయ్యేవేనని ఆయన చెప్పారు. పోటీదార్లు కేసులు వేస్తారన్న భయంతో ఎదురు కేసు వేయడానికి ప్రతి కంపెనీ పేటెంట్లు పోగేసుకుంటోందని కూడా అన్నారు. అణుబాంబుల పోటీ లాంటిదన్నమాట. ఇది చదివితే ఓపెన్‌బీఎస్‌డీకి వచ్చిన జవాబు వెనక ఏముందో అర్థమవుతుంది. సిస్కోకు కాల్గరీ వాళ్ల దగ్గర పైసలు వసూలు చేయాలని లేదు. ఒకరికి ఊరికే ఇచ్చేస్తే రేపు పెద్ద పోటీదారు మీద అదే పేటెంట్ చూపించడం కష్టమవుతుందని భయం. ఆయుధం దాచుకున్నది ఏనుగుల కోసం, కాలు పడింది చీమల మీద.

చేపల పేరుతో మూడోది

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు వేరే దారి పట్టారు. పేటెంట్ క్లెయిముల్లోకి రాకుండా, అదే పని చేసే కొత్త ప్రోటోకాల్ రాసుకున్నారు. పేరు కార్ప్. ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఒక రకం మంచినీటి చేప అని అర్థం. ఆ ప్రాజెక్టు గుర్తే చేప కాబట్టి పేరు అతికింది. 2003 అక్టోబర్‌లో కోడ్ బయటపెట్టారు. 2004 మే 1న వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 3.5లో అందరికీ చేరింది. అప్పట్లో ప్రతి విడుదలకూ ఒక పాట కట్టేవాళ్లు. ఆసారి పాట లైసెన్సుల మీద వెటకారమే.

తేడా ఎక్కడ చూపించారంటే, భద్రత దగ్గర. కార్ప్‌లో 'నేనున్నాను' అనే ప్రతి కబురుకూ ఒక రహస్య సంకేతంతో లెక్కగట్టిన ముద్ర ఉంటుంది. రహస్యం తెలియని యంత్రం ఆ ముద్ర వేయలేదు. దాంతో నెట్‌వర్క్‌లో చొరబడ్డవాడు 'ఇక నుంచి గేట్‌వే నేనే' అని దొంగ కబురు పంపడం కష్టం. పేటెంట్‌లో చెప్పిన పద్ధతికీ తమదానికీ మౌలికంగా పోలిక లేదని ఓపెన్‌బీఎస్‌డీ వాదన. వీఆర్‌ఆర్‌పీ సరిగ్గా దీనికి ఎదురు దిశలో వెళ్లింది. మొదట్లో ఉన్న పాస్‌వర్డ్ ఏర్పాట్లను 2004 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 3768లో తీసేశారు. అవి నిజమైన రక్షణ ఇవ్వడం లేదని, ఒకే నెట్‌వర్క్‌లో కూర్చున్న దుర్మార్గుడికి వేరే దారులు ఎలాగూ ఉన్నాయని వాళ్ల లెక్క. అందులోనూ న్యాయం లేకపోలేదు.

కార్ప్‌తో పాటు పీఎఫ్‌సింక్ అని ఇంకోటి తెచ్చారు. ఫైర్‌వాల్ మారినప్పుడు అప్పటికే నడుస్తున్న డౌన్‌లోడ్లు, కాల్స్ తెగిపోకుండా, ఎవరు ఎక్కడికి కలిసి ఉన్నారో ఆ పట్టీని మొదటి ఫైర్‌వాల్ రెండోదానికి ఎప్పటికప్పుడు అందిస్తుంది. దుకాణం ఉదాహరణలోకి వెళ్తే, తమ్ముడు ఫోన్ ఎత్తడమే కాదు, అన్న రాసుకుంటున్న ఖాతా పుస్తకం కూడా అతని ముందే ఉంటుంది. పనిచేసేవాళ్లకు ఇది పెద్ద మేలు. కార్ప్ తర్వాత ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీల్లోకి వెళ్లింది. ఇప్పుడు చిన్న ఆఫీసుల్లో విరివిగా కనిపించే పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ వాడేది ఇదే.

112 అనే నంబర్ కథ

ఇంటర్నెట్‌లో ప్రతి ప్రోటోకాల్‌కూ ఒక నంబర్ ఉంటుంది. ఆ పట్టీ ఐఏఎన్‌ఏ అనే సంస్థ దగ్గర ఉంటుంది. వీఆర్‌ఆర్‌పీ నంబర్ 112. కార్ప్‌కూ ఒక నంబర్ ఇవ్వమని ఓపెన్‌బీఎస్‌డీ అడిగింది. ప్రమాణాల సంస్థ పద్ధతి ప్రకారం పత్రం రాసి రాలేదు కాబట్టి ఇవ్వలేదు. కోపం వచ్చి వాళ్లు 112నే వాడేసుకున్నారు. పీఎఫ్‌సింక్‌కు 240 అని తామే పెట్టుకున్నారు.

ఇది సరైన పనేనా? వీఆర్‌ఆర్‌పీ వైపువాళ్లకు ఇది ఒకరి పేరున్న ప్లాటులో గుడిసె వేసుకోవడం లాంటిదే. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం, పేటెంట్ ఉన్న ప్రోటోకాల్‌కు నంబర్ ఇచ్చి, లేనిదానికి ఇవ్వకపోవడం ఏం న్యాయమని అడిగింది. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ దాని బిల్లు కట్టింది సిస్కో కాదు, ఏ పాపమూ తెలియని నెట్‌వర్క్ కుర్రాళ్లు. ఎందుకంటే కార్ప్ నంబర్‌తో ఆగలేదు, కబుర్లు పంపే ఉమ్మడి అడ్రస్ 224.0.0.18ని కూడా వాడుకుంది. ఊహా రౌటర్‌కు ఇచ్చే హార్డ్‌వేర్ అడ్రస్‌ల వరస కూడా అదే. దాంట్లో చివరి భాగం గ్రూపు నంబర్‌ను బట్టి మారుతుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఒక వైపు వీఆర్‌ఆర్‌పీ గ్రూపు 1, ఇంకో వైపు కార్ప్ గ్రూపు 1 ఉంటే, ఇద్దరూ ఒకే హార్డ్‌వేర్ అడ్రస్ నాదంటే నాదంటారు. మధ్యలో స్విచ్ తికమకపడుతుంది. నెట్ వస్తుంది, పోతుంది. కారణం ఎంత వెతికినా దొరకదు.

లైనక్స్ వాళ్లు ఏం చేశారు?

ఈ కథను ఓపెన్‌బీఎస్‌డీ నోట విన్నవాళ్లు తరచూ వదిలేసే భాగం ఇది. లైనక్స్ వైపు కీప్‌అలైవ్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్ 2000ల మొదట్లోనే వీఆర్‌ఆర్‌పీని అమలు చేసింది. అనుమతుల గొడవ పెట్టుకోకుండా రాసి ఇచ్చేశారు. ఇప్పటికీ లోడ్ బ్యాలెన్సర్ సర్వర్ల ముందు అది మామూలుగా కనిపిస్తుంది. అంటే పేటెంట్ భయం అందరినీ ఒకేలా ఆపలేదు. అడిగినవాళ్లు ఆగారు, అడగనివాళ్లు రాసుకున్నారు. కాగితం మీద ఇద్దరి పరిస్థితీ ఒకటే. పద్ధతిగా వెళ్లి అడిగినవాడికే ఇబ్బంది రావడం ఈ వివాదంలో నాకు మింగుడుపడని విషయం.

ఓపెన్‌బీఎస్‌డీ, సిస్కోల గొడవ కోర్టు దాకా వెళ్లలేదు. వీఆర్‌ఆర్‌పీ రాయనే లేదు కాబట్టి ఓపెన్‌బీఎస్‌డీ మీద కేసు వేయడానికి ఏమీ లేదు.

పేటెంట్ గడువు ఎలా లెక్కేశారు?

1995 జూన్ 8కి ముందు అమెరికాలో పెట్టిన దరఖాస్తులకు రెండు లెక్కలున్నాయి. మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు, లేదా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, ఏది ఎక్కువైతే అది. మొదటి లెక్కలో 2012 డిసెంబర్, రెండో లెక్కలో 2014 ఏప్రిల్. కాబట్టి 2014 ఏప్రిల్‌తో ఈ పేటెంట్ తీరిపోయింది. ఆ తర్వాత ఆ పద్ధతి అందరిదీ.

మన దేశంలో అయితే?

అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది. కానీ అక్కడ అమ్మే సరుకులో, అక్కడివాళ్లు దింపుకునే కోడ్‌లో దాని బరువు ఉంటుంది కాబట్టి, బయట దేశాల్లో రాసేవాళ్లూ భయపడతారు. కాల్గరీ వాళ్లకు జరిగింది అదే.

మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) అని ఉంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ కేవలం ప్రోగ్రామ్‌గా ఉంటే పేటెంట్ ఇవ్వకూడదని అది చెప్తుంది. 2004 డిసెంబర్‌లో కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చి, హార్డ్‌వేర్‌తో కలిసిన ప్రోగ్రామ్‌కు పేటెంట్ దారి తెరవబోయింది. 2005లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ మార్పు పడిపోయింది. అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. 2019 డిసెంబర్‌లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన దరఖాస్తును తోసేయకూడదని, సాంకేతికంగా కొత్త ఫలితం ఉందా అని చూడాలని చెప్పింది. రౌటర్ బ్యాకప్ లాంటి పద్ధతి ఈ గీతకు ఏ వైపు పడుతుందన్నది వాదించుకోదగ్గ విషయమే.

'సముచిత షరతులు' అనే మాట మన కోర్టుల్లోనూ కోట్ల లెక్కలోకి వచ్చింది. మొబైల్ ప్రమాణాల్లోని పేటెంట్ల విషయంలో ఎరిక్సన్‌కు లావా కంపెనీ 244 కోట్ల రూపాయలు చెల్లించాలని 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అక్కడా పోరాటం అదే మాట చుట్టూ: ఎంత రేటు సముచితం, ఎవరికి?

ప్రభుత్వ పనుల్లో మాత్రం మన దేశం వేరే వైఖరి తీసుకుంది. ఈ-గవర్నెన్స్‌కు వాడే ప్రమాణాల మీద 2010 నవంబర్‌లో వచ్చిన విధానం ప్రకారం, ఆ ప్రమాణం అమలుకు తప్పనిసరి అయిన పేటెంట్లు ప్రమాణం ఉన్నంతకాలం రాయల్టీ లేకుండా దొరకాలి. అలాంటిది దొరక్కపోతేనే మినహాయింపు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సి 2004 ఫిబ్రవరి నుంచే రాయల్టీ లేని దారిలో వెళ్తోంది. ఐఈటీఎఫ్ అంత దూరం వెళ్లలేదు. పేటెంట్ ఉంటే ముందే చెప్పండి, నిర్ణయం సభ్యులది అన్న దగ్గరే ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు పరిస్థితి

వీఆర్‌ఆర్‌పీ మూడో రూపం 2010లో ఐపీ వెర్షన్ 6తో కలిసి వచ్చింది. దాని తాజా పత్రం ఆర్‌ఎఫ్‌సి 9568, 2024 ఏప్రిల్‌లో అచ్చయింది. హెచ్‌ఎస్‌ఆర్‌పీ సిస్కో పెట్టెల్లో ఉంది. కార్ప్ బీఎస్‌డీ ఫైర్‌వాళ్లలో ఉంది. మూడింటికీ ఇప్పుడు ఆ పేటెంట్ బెడద లేదు. అయినా మూడూ కలిసిపోలేదు. కార్ప్ ఇంకా 112 మీదే నడుస్తోంది.

కాబట్టి పీఎఫ్‌సెన్స్ జంటను కొత్తగా పెట్టేవాళ్లు ఒక పని చేయాలి. ఆ నెట్‌వర్క్‌లో ఇంతకుముందే వీఆర్‌ఆర్‌పీ నడిపే రౌటర్లు ఉన్నాయేమో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని అడగాలి. ఉంటే వాళ్లు వాడే గ్రూపు నంబర్లు కాకుండా వేరేవి పెట్టుకోవాలి. చాలామంది 1తో మొదలుపెడతారు కాబట్టి 1ని వదిలేయడం మంచిది.